జీతంలో న్యాయం అడిగిన మనిషి – థర్‌గుడ్ మార్షల్



మీ ఇంట్లో ఎవరో ఒకరు జీతానికి పనిచేస్తూనే ఉంటారు. బడిలో టీచరుగానో, ఆసుపత్రిలో నర్సుగానో, ఆఫీసులో గుమస్తాగానో, ఫ్యాక్టరీలో కార్మికుడిగానో నెలంతా కష్టపడి ఒకటో తారీకు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. పక్కనే అదే పని చేసే మనిషికి తనకంటే ఎక్కువ జీతం వస్తోందని ఒకరోజు తెలిసిందనుకోండి. ఆ తేడాకు కారణం చదువు కాదు, అనుభవం కాదు, తన కులమో, రంగో, ఆడపుట్టుకో అని కూడా తెలిసిందనుకోండి. అప్పుడేం చేయాలి? దేవుడు చూసుకుంటాడని ఊరుకోవాలా? వెళ్లి అడగాలా? అడిగినా వినకపోతే అన్నం పెట్టిన యజమాని మీద కోర్టుకు వెళ్లవచ్చా?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు చెప్పారు. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఆరవ అధ్యాయంలో, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడాన్ని గట్టిగా మందలించారు. అందువల్ల దైవభీతి గల కుటుంబాల్లో ఈ ప్రశ్న మరింత బరువుగా ఉంటుంది. ఆదివారం పూజ అయ్యాక గుడి వరండాలో ఈ ప్రశ్న అడిగినవారు మీలోనే ఉన్నారు. నాలుగు మాటల్లో తేలే విషయం కాదు కనుక ఈ వారం ఒక మనిషి జీవితం మీ ముందు పెడుతున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, కతోలికుడూ కాదు. కానీ ఈ ప్రశ్నను తన వృత్తిగా చేసుకుని బ్రతికినవాడు. ఆయన పేరు థర్‌గుడ్ మార్షల్.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో 1908 జూలై 2న ఆయన పుట్టారు. ఈ నగరం మనకు పరాయిది కాదు. ఆ దేశంలో కతోలిక శ్రీసభకు మొట్టమొదటి మేత్రాసనం 1789లో ఏర్పడింది ఇక్కడే. అయినా ఆ రోజుల్లో అక్కడ నల్లవారి బడులు వేరు, తెల్లవారి బడులు వేరు. దేవాలయాల్లో కూడా నల్లవారు వెనుక బెంచీల్లో కూర్చోవలసిన చోట్లు ఎన్నో ఉండేవి. ఇందులో మన దేవాలయాలకు మినహాయింపు లేదని సిగ్గుతో ఒప్పుకోవాలి. మార్షల్ ముత్తాత బానిసగా బ్రతికినవాడు. తండ్రి విలియం రైలు భోజనశాల పెట్టెలో వడ్డన పని చేసి, తర్వాత తెల్లవారి క్లబ్బులో పనికి కుదిరాడు. తల్లి నోర్మా నల్లపిల్లల బడిలో టీచరు. టీచరు జీతంతో ఇల్లు ఎలా గడుస్తుందో ఆయన చిన్ననాటి నుంచీ చూసి పెరిగారు.

చిన్నప్పుడు ఆయన బుద్ధిమంతుడైన పిల్లవాడేమీ కాదు. అల్లరి చేసినప్పుడల్లా బడి పెద్ద ఆయనను నేలమాళిగ గదిలోకి పంపి, దేశ రాజ్యాంగంలో కొంత భాగం కంఠస్థం చేస్తేగానీ బయటకు రానిచ్చేవాడు కాదట. అల్లరి ఎంత ఎక్కువైందంటే, ఆ బడి విడిచే నాటికి రాజ్యాంగం చాలావరకు నోటికి వచ్చేసింది! ఇంట్లో తండ్రికి కోర్టు విచారణలంటే ఇష్టం. తీరిక దొరికితే కోర్టుకు వెళ్లి వాదనలు వినేవాడు. భోజనాల దగ్గర కొడుకులు ఏ మాట అన్నా రుజువు చూపమని నిలదీసేవాడు. అలా రాజ్యాంగం శిక్షగా, వాదన భోజనంతో పాటుగా ఆయనకు అబ్బాయి.

1930లో లింకన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తయ్యాక న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. సొంత ఊళ్లోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కళాశాల ఉంది. కానీ అక్కడ నల్లవారికి ప్రవేశం లేదు. అందుకని రోజూ తెల్లవారుజామున రైలెక్కి వాషింగ్టన్ వెళ్లి, నల్లవారి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, రాత్రికి ఇల్లు చేరేవారు. ఫీజుకు డబ్బు చాలక తల్లి నోర్మా తన పెళ్లి ఉంగరాన్ని, నిశ్చితార్థపు ఉంగరాన్ని తాకట్టు పెట్టింది. పిల్లల చదువుల కోసం మెడలో గొలుసులు తాకట్టు పెట్టిన తల్లులు మన విచారణల్లో ఎంతమంది లేరు! ఆ తల్లి నమ్మకం వమ్ము కాలేదు. 1933లో ఆయన తరగతిలో ప్రథముడిగా పట్టా పుచ్చుకున్నారు.

హోవర్డ్‌లో ఆయనకు దొరికిన గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. అన్యాయమైన చట్టాన్ని తిట్టి లాభం లేదని, కాగితాలు, అంకెలు, సాక్ష్యాలు చేతపట్టుకుని కోర్టులో ఒక్కొక్క రాయిగా దాన్ని తొలగించాలని ఆ గురువు శిష్యులకు నేర్పాడు. మార్షల్ మొదట సాధించిన పెద్ద గెలుపు, తనకు తలుపులు మూసిన ఆ లా కళాశాల మీదే. తనలాంటి మరో నల్ల విద్యార్థి తరఫున గురువుతో కలిసి వాదించి 1936 నాటికి ఆ తలుపులు తెరిపించారు. అదే ఏడాది న్యూయార్క్ వెళ్లి, నల్లజాతీయుల హక్కుల కోసం 1909లో ఏర్పడిన ఎన్.ఎ.ఎ.సి.పి. సంఘంలో న్యాయవాదిగా చేరారు.

ఇక మనం అసలు విషయానికి వద్దాం. మార్షల్ పేరు చెప్పగానే చదువుకున్నవారికి 1954 నాటి పాఠశాలల తీర్పు గుర్తుకొస్తుంది. కానీ అంతకు పదిహేనేళ్ల ముందే ఆయన ఊరూరా తిరిగి మరో పోరాటం చేశారు. అది బడిపంతుళ్ల జీతాల పోరాటం.

అప్పట్లో చాలా దక్షిణాది రాష్ట్రాల్లో టీచర్లకు రెండు జీతాల పట్టికలు ఉండేవి, తెల్ల టీచరుకు ఒకటి, నల్ల టీచరుకు ఒకటి. చదువు ఒకటే, సర్టిఫికెట్టు ఒకటే, గంటలు ఒకటే. జీతం మాత్రం వేరు. మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీలో విలియం గిబ్స్ అనే ఆయన రాక్‌విల్ ఊళ్లో నల్లపిల్లల బడికి తాత్కాలిక ప్రధానోపాధ్యాయుడు. ఆయనకు ఏడాదికి 612 డాలర్లు. అదే కౌంటీలో అదే హోదాలో ఉన్న తెల్లవారికి 1,475 డాలర్లు. అంటే సగం కూడా కాదు. 1936 చివరలో మార్షల్ ఆయన తరఫున దావా వేశారు. 1937లో విద్యామండలి రాజీకి వచ్చి, రెండేళ్లలో జీతాలు సమానం చేయడానికి ఒప్పుకుంది.

మార్షల్ మేరీలాండ్‌లో మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. అక్కడ టీచర్ల ఉద్యోగాలకు చట్టరీత్యా కొంత భద్రత ఉండేది. కేసు వేసినంత మాత్రాన తీసివేయడం సులువు కాదు. ఉద్యోగి యజమాని మీద కేసు వేస్తే మొదట దెబ్బ తగిలేది ఉద్యోగికే. లాయరు ఫీజు పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు, ఉన్న ఉద్యోగం పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఈ సంగతి ఎరిగిన లాయరు కనుక ఆయన ముందు బలమైన నేల చూసుకుని అడుగు వేశారు. 1939లో అదే రాష్ట్రంలోని యాన్ అరండల్ కౌంటీలో వాల్టర్ మిల్స్ అనే ప్రధానోపాధ్యాయుడి కేసును ఫెడరల్ కోర్టులో గెలిచారు. జాతి కారణంగా జీతం తగ్గించడం రాజ్యాంగానికి విరుద్ధమని ఆ న్యాయమూర్తి తేల్చారు.

తర్వాత వర్జీనియా రాష్ట్రం. అక్కడ టీచర్లకు ఆ భద్రత లేదు. ఏడాదికొకసారి కాంట్రాక్టు, ఇష్టం లేకపోతే మళ్లీ ఇవ్వరు, అంతే. నార్ఫోక్ నగరంలో ఆలీన్ బ్లాక్ అనే రసాయనశాస్త్రం టీచరు ధైర్యం చేసి 1939లో కేసు వేసింది. ఆ వేసవిలోనే విద్యామండలి ఆమె కాంట్రాక్టును పొడిగించలేదు. ఉద్యోగమే లేనప్పుడు జీతం కేసు ఎక్కడిది? కేసు కాస్తా వీగిపోయింది. వాదిని తీసేస్తే వాదం పోతుందని యాజమాన్యం లెక్క వేసింది. కానీ ఆ ఊళ్లో ఎవరూ అనుకోనిది జరిగింది. నల్లపిల్లలు ప్లకార్డులు పట్టుకుని, తమ టీచరును ఎందుకు తీసేశారంటూ వీధుల్లో ఊరేగింపుగా చర్చికి నడిచారు. పిల్లల వెనుక పెద్దలు నడిచారు.

ఆమె స్థానంలో నిలబడడానికి అదే బడిలో పనిచేసే మెల్విన్ ఆల్‌స్టన్ ముందుకొచ్చాడు. ఆయన జీతం ఏడాదికి 921 డాలర్లు. అదే అర్హత గల తెల్ల ఉపాధ్యాయుడికి 1,200. ఇక్కడ విద్యామండలి వాదన ఏమిటో మీరు జాగ్రత్తగా గమనించాలి. ఎందుకంటే ఆ వాదన ఈనాటికీ చావలేదు. ఇతను తన జీతం ఎంతో తెలిసే కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు, ఇష్టం లేకపోతే మానేయవలసింది, సంతకం పెట్టాక అడిగే హక్కు లేదని వారు అన్నారు. కింది కోర్టు న్యాయమూర్తి ఆ మాట ఒప్పుకుని కేసు కొట్టేశాడు. మార్షల్, ఆయన సహచరులు అప్పీలుకు వెళ్లారు. 1940 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. వృత్తిలో కొనసాగాలంటే సంతకం పెట్టక తప్పనివాడు, ఆ సంతకంతో రాజ్యాంగం ఇచ్చిన సమానత్వాన్ని వదులుకున్నట్టు కాదని చెప్పింది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఈ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. నార్ఫోక్‌లో జీతాలు దశలవారీగా సమానమయ్యాయి. ఆలీన్ బ్లాక్‌ను 1941లో మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు.

ఇది చదువుతుంటే నాకు 13వ లియో పోపుగారు 1891లో ఇచ్చిన విశ్వలేఖ రేరుమ్ నొవారుమ్ గుర్తుకొస్తుంది. యజమాని, కార్మికుడు ఇష్టపడి కుదుర్చుకున్న జీతమైతే చాలు, అది న్యాయమేనని ఆనాటి ఆర్థిక పండితులు చెప్పేవారు. పోపుగారు అది కాదన్నారు. మనుషుల ఒప్పందం కంటే ముందే ప్రకృతి సిద్ధమైన న్యాయం ఒకటి ఉందని, ఆకలికి భయపడి ఒప్పుకున్న ఒప్పందం నిజమైన ఒప్పందం కాదని, అది బలవంతమేనని బోధించారు. ఆయన చెప్పింది బ్రతుకుతెరువుకు చాలే జీతం గురించి, నార్ఫోక్‌లో నడిచింది సమాన జీతం గురించి. అయినా మూలసూత్రం ఒక్కటే. కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన జీతం న్యాయమైపోదు.

మార్షల్ చూపు టీచర్ల దగ్గర ఆగిపోలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాలిఫోర్నియా ఓడల కార్ఖానాల్లో వేలమంది నల్లవారు వెల్డర్లుగా చేరారు. అక్కడి యూనియన్ వారి దగ్గర చందా వసూలు చేస్తుంది గానీ సభ్యత్వం ఇవ్వదు, పేరుకు ఒక అనుబంధ శాఖలో కూర్చోబెడుతుంది. అందులో చేరమని మొండికేసినవారిని యూనియన్ మాట మీద యాజమాన్యం పనిలోంచి తప్పించింది. జోసెఫ్ జేమ్స్ అనే వెల్డరు, మంచి గాయకుడు కూడా, మిగతావారితో కలిసి కోర్టుకు వెళ్లాడు. వారి న్యాయవాదుల్లో మార్షల్ ఒకరు. 1944 చివరలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, సభ్యత్వం లేనిదే పని లేదనే యూనియన్ సభ్యత్వాన్ని జాతి చూసి మూసివేయకూడదని తీర్పు చెప్పింది. అన్యాయం యజమాని వైపు నుంచే కాదు, తోటి కార్మికుడి వైపు నుంచీ రావచ్చునని ఈ కేసు మనకు చెబుతుంది.

ఈ పని ప్రాణాల మీదికి కూడా వచ్చింది. 1946లో టెనెసీ రాష్ట్రంలోని కొలంబియా ఊళ్లో నల్లవారి తరఫున వాదించి రాత్రివేళ కారులో తిరిగి వస్తుండగా పోలీసులు ఆపారు. తాగి కారు నడిపాడని అబద్ధపు నేరం మోపి, ఆయనను ఒక్కణ్ణే తమ బండిలో ఎక్కించుకుని నదివైపు తీసుకెళ్లారు. ఆ దారిలో వెళ్లిన నల్లవారు తిరిగిరాని కాలమది. తోటివారు వెంబడించడంతో పోలీసులు వెనక్కి తిప్పక తప్పలేదు. మేజిస్ట్రేటు ఆయన నోరు వాసన చూసి, తాగలేదని వదిలేశాడు. మర్నాడు పని మానేశారా అంటే, లేదు.

1954 మే 17న సుప్రీంకోర్టు, జాతిని బట్టి బడులను వేరుచేయడం చెల్లదని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ కేసు వాదించిన బృందానికి నాయకుడు మార్షల్. ఆ గెలుపుకు ఒక చేదు తోక కూడా ఉంది. బడులు కలిపేటప్పుడు చాలాచోట్ల మూసివేసినవి నల్లపిల్లల బడులు, పోయినవి నల్ల టీచర్ల ఉద్యోగాలు. ఎవరి జీతాల కోసం ఆయన పోరాడారో ఆ టీచర్లలో వేలమంది వీధిన పడ్డారు. ఆయన సంఘం మళ్లీ వారి కోసం కోర్టులకు తిరగవలసి వచ్చింది. న్యాయం ఒకసారి గెలిస్తే చాలదు, దాన్ని కాపాడుకోవాలి. ఆ మరుసటి ఏడాది, 1955 ఫిబ్రవరిలో, భార్య వివియన్ క్యాన్సరుతో మరణించింది. ఆ ఏడాది చివర సిసీలియా అనే ఆమెను వివాహమాడారు. వారికి ఇద్దరు కొడుకులు.

అప్పటిదాకా ఈ కేసుల్లో ఒక లోటు ఉండేది. రాజ్యాంగంలోని 14వ సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది గానీ ప్రైవేటు యజమానిని కాదు. విద్యామండలి ప్రభుత్వ అంగం కనుక టీచర్లు గెలిచారు. మిల్లు యజమానినీ, దుకాణదారునీ అడిగే దారి చాలామందికి లేదు. ఆ దారి 1964 పౌరహక్కుల చట్టంతో తెరుచుకుంది. దాని మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది జూలై 2న, మార్షల్ 56వ పుట్టినరోజున. ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, లింగం, దేశీయత చూసి భేదం చూపడాన్ని అది నిషేధించింది. ఫిర్యాదు ముందు ఒక కమిషనుకు వెళ్తుంది. అక్కడ తేలకపోతే ఉద్యోగి కోర్టుకు వెళ్లవచ్చు.

మార్షల్ 1961లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి, 1965లో ప్రభుత్వ సొలిసిటర్ జనరల్ అయ్యారు. 1967లో అమెరికా సుప్రీంకోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. అంతకుముందు ఆ కోర్టులో న్యాయవాదిగా తాను వాదించిన 32 కేసుల్లో 29 గెలిచి ఉన్నారు. ఇప్పుడు ఆ కొత్త చట్టానికి అర్థం చెప్పే బాధ్యత ఆయన బల్ల మీదికి వచ్చింది.

1971లో వచ్చిన రెండు కేసులు చూడండి. ఉత్తర కరోలినాలో ఒక విద్యుత్ కంపెనీ నల్లవారికి కూలిపని విభాగం తప్ప మరొకటి ఇచ్చేది కాదు. కొత్త చట్టం అమలులోకి వచ్చిన రోజునే మంచి ఉద్యోగాలకు రాతపరీక్షలు పెట్టింది. చేసే పనితో ఆ పరీక్షలకు సంబంధం ఉందని కంపెనీ చూపలేకపోయింది. పైకి అందరికీ ఒకటే అనిపించే నియమం కూడా, పనికి అవసరం లేకుండా కొందరినే బయట నిలబెడితే చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. రెండో కేసు ఒక తల్లిది. ఫ్లోరిడాలో ఐడా ఫిలిప్స్ అనే ఆమెకు, చిన్నపిల్లలున్న ఆడవారిని తీసుకోమని ఒక కంపెనీ చెప్పింది. చిన్నపిల్లలున్న మగవారిని మాత్రం తీసుకుంటూనే ఉంది. కోర్టు ఆమె వైపే నిలిచింది గానీ, పిల్లల బాధ్యత తల్లుల పనికి ఎక్కువ అడ్డమని కంపెనీ రుజువు చేసుకోవడానికి ఒక సందు వదిలింది. మార్షల్ ఒక్కరే వేరుగా రాసి ఆ సందును ఆక్షేపించారు. పిల్లల బాధ్యత తల్లిదే అనే పాత అలవాటు ఉద్యోగం నిరాకరించడానికి కారణం కాకూడదని, పనికి నియమం పెడితే తల్లికీ తండ్రికీ ఒకటే పెట్టాలని ఆయన అభిప్రాయం.

1976 కేసు మరీ ఆలోచింపజేస్తుంది. టెక్సాస్‌లో ఒక రవాణా కంపెనీలో ముగ్గురు ఉద్యోగులు సరుకు దొంగిలించారని ఆరోపణ వచ్చింది. ఇద్దరు తెల్లవారు, ఒకరు నల్లవాడు. యాజమాన్యం తెల్లవారిద్దరినీ తీసేసి, నల్లవాడిని ఉంచింది. జీవితమంతా నల్లవారి పక్షాన నిలిచిన మార్షల్ ఎటు మొగ్గుతారు? ఆ తీర్పు రాసింది ఆయనే. చట్టం తెల్లవారినీ అంతే కాపాడుతుందని, ఒకే తప్పుకు జాతి చూసి వేర్వేరు శిక్ష వేయకూడదని రాశారు. ఎవరికి రావలసినది వారికి ఇవ్వాలనే దృఢసంకల్పమే న్యాయమని పునీత థామస్ అక్వినాస్ గ్రంథాల్లో మేము సెమినరీలో చదువుకున్నాం. నావాళ్లకు రావలసినది మాత్రమే అని అందులో లేదు.

అయితే ఆయన తీర్పులన్నిటినీ మనం తలకెత్తుకోలేం. 1973లో గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన న్యాయమూర్తుల్లో ఆయనా ఒకరు. బలహీనుల పక్షాన అంతగా నిలిచిన మనిషి, అందరికంటే బలహీనమైన ఆ ప్రాణి విషయంలో శ్రీసభ బోధనకు దూరంగా నిలిచారు. ఈ విషయం దాచి ఆయనను పొగడడం నిజాయితీ కాదు. అలాగని ఆయన చేసిన మంచిని కాదనడమూ న్యాయం కాదు. ఆరోగ్యం క్షీణించి 1991లో పదవి విడిచిన మార్షల్, 1993 జనవరి 24న తన 84వ ఏట కన్నుమూశారు.

ఈ కథకు మన దేశంతో సంబంధం ఉందా అంటారేమో. ఉంది. మార్షల్ ఆధారంగా చేసుకున్న 14వ సవరణలోని సమాన రక్షణ అనే భావననే మన రాజ్యాంగ నిర్మాతలు 14వ అధికరణంలో పొందుపరిచారు. సి.బి. ముత్తమ్మగారు మన విదేశాంగ సర్వీసులో చేరిన మొట్టమొదటి మహిళ. పెళ్లి చేసుకోవాలంటే మహిళా అధికారి ప్రభుత్వ అనుమతి పొందాలనే నియమం ఆ సర్వీసులో ఉండేది. పదోన్నతి ఇవ్వకుండా తనను పక్కన పెట్టారని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే పదోన్నతి వచ్చింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు, ఆడవారి పట్ల భేదం చూపే సర్వీసు నియమాలన్నిటినీ మరొకరు కోర్టుకెక్కేదాకా ఆగకుండా సరిదిద్దమని ప్రభుత్వానికి చెప్పింది. 1987లో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫరు కేసు వచ్చింది. మగ స్టెనోగ్రాఫర్లకంటే ఆడవారికి తక్కువ జీతం ఇచ్చిన కంపెనీ, యూనియన్‌తో ఒప్పందం కుదిరింది కదా అంది, ఇచ్చే స్తోమత లేదని కూడా అంది. సుప్రీంకోర్టు రెండు మాటలనూ ఒప్పుకోలేదు. నార్ఫోక్‌లో విన్న సంతకం వాదన గుర్తుకొస్తోందా?

ఇప్పుడు మన ప్రశ్న దగ్గరికి వద్దాం. కోర్టుకు వెళ్లడం పాపమా? కొరింతీయులను మందలించిన పౌలుగారే, కైసరయలో ఫెస్తు ఎదుట తనకు న్యాయం జరగదని తెలిసినప్పుడు చక్రవర్తికే అప్పీలు చేసుకున్నారు. అపోస్తలుల కార్యాలు 25వ అధ్యాయం తీసి చూడండి. ఆయన తప్పుపట్టింది సోదరుల మధ్య అత్యాశతో నడిచే తగాదాలను. చట్టం ఇచ్చిన రక్షణను ఆయనే వాడుకున్నారు. లూకా సువార్త 18వ అధ్యాయంలో, న్యాయాధిపతి చుట్టూ విసుగు లేకుండా తిరిగిన విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు, మనకు ఆదర్శంగా నిలబెట్టారు. కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిన మొరపెడుతుందని పునీత యాకోబుగారి లేఖ హెచ్చరిస్తోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అతిథిగా వచ్చి ద్రోహం చేసేవాడు. చెమటోడ్చినవాడు అడిగేది ఇంటి వాసాలను కాదు, తన కూలిని.

అయితే మార్షల్ దారిలో నాలుగు జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ముందు అడగండి, కాగితం మీద అడగండి. నియామకపు ఉత్తర్వు, జీతం చీటీలు భద్రంగా దాచుకోండి. ఎవరితో పోల్చుకుంటున్నారో వారి పని, మీ పని నిజంగా సమానమేనా అని నిజాయితీగా చూసుకోండి. కోపంతోనో, పగతోనో అబద్ధపు కేసు వేస్తే అది ఎనిమిదో ఆజ్ఞను మీరడమే కాదు, రేపు నిజమైన బాధితుడు వస్తే అతణ్ణి కూడా ఎవరూ నమ్మకుండా చేస్తుంది. ఒంటరిగా వెళ్లకండి, తోడుతో వెళ్లండి.

ఇక యజమానులకు ఒక మాట. మన మేత్రాసనాల్లో, మఠాల్లో, విచారణల్లో ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు నడుస్తున్నాయో మీకు తెలుసు. బడి కరస్పాండెంటుగా జీతాల రిజిస్టరు మీద సంతకం చేసే మనిషిని నేను కూడా. ఆల్‌స్టన్ కథ చదివిన తర్వాత ఆ రిజిస్టరు తెరిచినప్పుడు నాకు ఒక్కొక్క పేరు దగ్గర ఆగాలనిపిస్తోంది. ఈ టీచరమ్మ, ఈ ఆయా తక్కువకు ఒప్పుకున్నది పని తక్కువ కనుకనా, మరో దారి లేకనా? సేవాభావం అనే పవిత్రమైన మాట చాటున ఎవరి కూలినైనా మిగుల్చుకుంటున్నామా? కోర్టు నోటీసు వచ్చాక దిద్దుకునేవాడు ఓడిపోయినవాడు. రాకముందే దిద్దుకునేవాడు క్రైస్తవుడు. మీ దుకాణంలో, మీ పొలంలో, మీ ఇంట్లో పనిచేసేవారి విషయంలో ఇదే ప్రశ్న మీరూ వేసుకోండి. ఆడకూలీకి, మగకూలీకి ఒకే పనికి వేర్వేరు లెక్క కడుతున్నామా అని చూసుకోండి.

చివరగా నార్ఫోక్ వీధుల్లో నడిచిన ఆ పిల్లలను మరచిపోకండి. ఆలీన్ బ్లాక్ ఉద్యోగం పోగొట్టుకుంది గానీ ఊరు ఆమెను పోగొట్టుకోలేదు. మన విచారణలో ఎవరైనా న్యాయం అడిగి పని పోగొట్టుకుంటే మనం ఏం చేస్తాం? నీకెందుకీ గొడవ అని సలహా చెప్పి పక్కకు తప్పుకుంటామా, ఆ నెల బియ్యం ఎలా వస్తాయో అడుగుతామా? ఈ ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు అలాంటి కుటుంబం మీ వీధిలో ఉందేమో చూడండి. ఉంటే వారి తలుపు తట్టి, మీతో పాటు తీసుకురండి.